పశువుల రాచపుండుకు కిరణాల వైద్యం: ఆ డాక్టరు చదువుకు మన కొండల్లోనే తొలిమెట్టు

ఎద్దు ఊరికే తల విదిలిస్తుంటుంది. ఒక కొమ్మును చెట్టుకో గుంజకో రాస్తుంటుంది. కొన్నాళ్ళకు ఆ పక్క ముక్కులోంచి నెత్తురు చుక్కలు పడతాయి. కాడి ఎత్తబోతే బెదిరిపోతుంది. ఇలాంటి ఎద్దు కొట్టంలో ఉన్న సన్నకారు రైతుకు సాధారణంగా రెండే దారులు కనబడతాయి. వచ్చే సంతకు తోలి వచ్చినకాడికి అమ్ముకోవడం ఒకటి. ఏదో ఆకు నూరి కట్టి దేవుడిమీద భారం వేయడం రెండోది. జత ఎడ్లలో ఒకటి పోతే రెండోది ఉన్నా లేనట్టే. మెట్ట చెక్కలో చోడి వేయాలన్నా, పల్లంలో దమ్ము పట్టాలన్నా పొరుగువాడి ఎడ్ల కోసం ఎదురుచూడాలి.

మూడో దారి కూడా ఉంది. అది వైద్యం. పశువులకు, కుక్కలకు వచ్చే క్యాన్సర్‌కు మూడు రకాల చికిత్సలున్నాయి. కత్తితో కోసి తీసేయడం, మందు ఎక్కించడం, కిరణాలతో కాల్చడం. ఈ మూడో పనికోసమే చదువుకున్న పశువైద్య నిపుణులు పై దేశాల్లో ఉన్నారు. వాళ్ళు చేసే పని ఏమిటి, ఆ చదువు ఎక్కడ మొదలవుతుంది, అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ పిల్లలకు అది అందేదేనా, ఆ డాక్టరు వచ్చేదాకా మన పశువుల గతేమిటి అన్న సంగతులు ఈ వారం తెలుసుకుందాం.

మనిషికి వచ్చే జబ్బే, పశువుకూ వస్తుంది

పెద్దలు క్యాన్సర్‌ను రాచపుండు అనేవారు. ఒంట్లోని కణాలు ఒక లెక్క ప్రకారం పుట్టి, పెరిగి, చస్తుంటాయి. ఆ లెక్క తప్పి ఒకచోట కణాలు ఆగకుండా పెరిగితే కణితి అవుతుంది. కొన్ని కణితులు ఉన్నచోటే ఉండిపోతాయి. వాటితో పెద్ద ప్రమాదం లేదు. కొన్ని పక్క కండలోకి, ఎముకలోకి తొలుచుకుపోతాయి. నెత్తురు ద్వారా ఊపిరితిత్తులకు కూడా చేరతాయి. వీటినే క్యాన్సర్ అంటారు. ఎద్దులో, ఆవులో, కుక్కలో, పిల్లిలో కూడా ఇదే జరుగుతుంది. కుక్క కణితి లాంటివి తప్ప, రైతు చూసే పశువుల క్యాన్సర్లు చాలావరకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటేవి కావు. ఆ కుక్క కణితి సంగతి కింద చెప్పుకుందాం.

మన దేశంలో ఎడ్లకు ఎక్కువగా వచ్చేది కొమ్ము క్యాన్సర్. ఐదు నుంచి పదేళ్ళ వయసులో, బాగా పనిచేసే ఈడులో వస్తుంది. ఆవుల్లో తక్కువ, గేదెల్లో అరుదు. విత్తులు కొట్టిన ఎడ్లలోనే ఎక్కువగా కనబడుతుంది. ఎండ తాకిడి, కాడి రాపిడి, కొమ్ములు చెక్కడం లాంటివి కారణాల్లో కొన్నని పరిశోధకులు చెబుతారు. మొదట్లో తల విదిలించడం, కొమ్ము రాయడం, ఒక ముక్కులో నెత్తురు కనిపిస్తాయి. తర్వాత కొమ్ము మొదలు మెత్తబడి ఊగుతుంది, ఒక పక్కకు వాలుతుంది. చివరికి కొమ్ము ఊడిపోయి కోసుపువ్వులా కండ బయటకు వస్తుంది. దానిమీద ఈగ వాలి పురుగులు పడతాయి.

మొదటి దశలో పట్టుకుంటే కొమ్ము నరానికి మత్తు సూది వేసి, కొమ్మును మొదలంటా తీసేసి, చర్మాన్ని కప్పి కుట్టేస్తారు. ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ మళ్ళీ రాకుండా విన్‌క్రిస్టిన్ అనే మందును వారానికోసారి నరంలోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. కొమ్ము పోయిన ఎద్దు పుండు మానాక మళ్ళీ పనికి వస్తుంది. కోసుపువ్వు దశ దాకా ఊరుకుంటే మాత్రం జబ్బు తలలోని గాలిగదుల్లోకి పాకుతుంది. అప్పుడు ఏ కత్తీ పూర్తిగా అందుకోలేదు.

రెండోది కంటి క్యాన్సర్. కనుగుడ్డు అంచున, కంటి మూల పొరమీద తెల్లగా గాని ఎర్రగా గాని చిన్న పొక్కులా మొదలవుతుంది. రెప్పల చుట్టూ నలుపు రంగు లేని పశువులకు ఎండవల్ల వచ్చే అవకాశం ఎక్కువ. తెలుపు నలుపు మచ్చల సంకర ఆవులను పెంచేవాళ్ళు దీన్ని గమనించాలి. శనగగింజంత ఉన్నప్పుడు తీసేస్తే కన్ను దక్కుతుంది. నిమ్మకాయంత అయ్యాక వస్తే కన్నే తీసేయాలి. పై దేశాల్లో ఇలాంటి చిన్న కంటి కణితులకు స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థం అమర్చిన పుల్లలాంటి పరికరాన్ని కొద్ది నిమిషాలు ఆనించి నయం చేస్తారు. పశువుల కిరణ వైద్యంలో రైతు ఎద్దుకు, ఆవుకు దగ్గరగా వచ్చిన పద్ధతి ఇదొకటి.

కొండ ప్రాంతాల్లో మరో సంగతి ఉంది. నీలగిరుల్లోను, హిమాలయ కొండల్లోను బ్రాకెన్ అనే ఫెర్న్ జాతి మొక్కను ఏళ్ళ తరబడి మేసిన పశువులకు మూత్రాశయంలో కణితులు లేచి మూత్రం ఎర్రగా వస్తుంది. అలాగని ఎర్రమూత్రం ప్రతిసారీ క్యాన్సర్ కాదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ మూత్రం కాఫీ రంగులో పోతుంది. దానికి వేరే మందు, అదీ వెంటనే పడాలి. ఏది ఏమిటో తేల్చేది డాక్టరే.

కుక్క కణితి, బిళ్ళగన్నేరు మందు

ఊళ్ళో మేకలకు, పంటకు కాపలా ఉండే కుక్కను కూడా మరిచిపోకూడదు. మన ఊర కుక్కల్లో జననాంగం దగ్గర ఎర్రటి కండ పెరిగి నెత్తురు బొట్లు కారడం చాలామంది చూసే ఉంటారు. దెబ్బ తగిలిందనో, ఎద మీద ఉందనో అనుకుంటారు. నిజానికి అదొక రకం క్యాన్సర్. జత కట్టినప్పుడు, నాకినప్పుడు ఒక కుక్కలోని క్యాన్సర్ కణాలే ఇంకో కుక్కకు అంటుకుని అక్కడ మొలకెత్తుతాయి. క్రిమి వల్ల కాక కణమే విత్తనంలా పాకే క్యాన్సర్లు లోకంలో బహు కొద్ది. 1876లో రష్యా పశువైద్యుడు నోవిన్‌స్కీ ఈ కణితి ముక్కను ఒక కుక్క నుంచి మరో కుక్కకు నాటి పెంచి చూపించాడు. క్యాన్సర్ పరిశోధనకు అదొక మొదటి మెట్టు. ఇది మనుషులకు అంటదు.

ఈ కణితి కిరణాలకు తేలిగ్గా కరిగిపోతుంది. అయితే అంతదాకా వెళ్ళే పని దాదాపు ఉండదు. ఇంతకుముందు చెప్పిన విన్‌క్రిస్టిన్ మందే వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు సూదులు పడితే ఎక్కువ కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. మందుకు లొంగని కొద్దిపాటి వాటికే కిరణాలు అవసరం.

విన్‌క్రిస్టిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మన పెరట్లో, గట్లమీద పూసే బిళ్ళగన్నేరు మొక్కలోంచే దాన్ని తీస్తారు. అలాగని ఆకు నూరి పోయకూడదు. ఆ మొక్క విషం. టన్నుల కొద్దీ ఆకు నుంచి కొద్ది గ్రాముల మందు శుద్ధి చేసి, పశువు బరువును బట్టి లెక్క కట్టి ఇస్తారు. సూది నరం తప్పి కండలో పడితే అక్కడ కుళ్ళిపోతుంది. అందుకని దీన్ని డాక్టరు చేతే వేయించాలి. మందు వాడుతున్న ఆవు పాలు వాడకూడదు. ఎన్నాళ్ళు మానాలో డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. పేడ, మూత్రం ఎత్తేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి.

క్యాన్సర్ మందుల కథలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్ మందుతో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పసిపిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అణచగలిగినట్టు 1948లో ప్రకటించారు. దాని వారసత్వంగా వచ్చిన మెథోట్రెక్సేట్‌ను మనుషులతోపాటు కుక్కలకూ వాడారు. సుబ్బారావు పుట్టిన 1895లోనే, నవంబరు నెలలో, జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నారు. క్యాన్సర్ మీద మందు, కిరణం రెండూ ఇలా ఒకే కాలానికి చెందినవి.

కిరణం ఏం చేస్తుంది?

కంటికి కనబడని ఎక్స్‌రే లాంటి కిరణాలను బాగా శక్తివంతంగా చేసి కణితి మీదికి గురి చూసి వదులుతారు. కణం లోపల ఉన్న వంశధాతువు, అంటే డీఎన్ఏ, దాని వల్ల తెగిపోతుంది. త్వరత్వరగా చీలే క్యాన్సర్ కణం ఆ దెబ్బను సరిచేసుకోలేక చస్తుంది. చుట్టూ ఉన్న మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది గాని, అవి కోలుకోగలవు. కోలుకోవడానికి వాటికి టైము కావాలి. అందుకే మొత్తం మోతాదును ఒక్కసారి ఇవ్వరు. కుక్కకు నయం చేసే ఉద్దేశంతో ఇచ్చేటప్పుడు మోతాదును సుమారు 15 నుంచి 20 భాగాలుగా విడదీసి మూడు నాలుగు వారాలపాటు ఇస్తారు. నయం కాదని తెలిసి, నొప్పి తగ్గించడానికి మాత్రమే ఇచ్చేటప్పుడు నాలుగైదు సార్లతో సరిపెడతారు.

మనిషిని కదలకుండా పడుకోమంటే పడుకుంటాడు. కుక్క పడుకోదు. గురి వేలెడు తప్పినా కన్నో, మెదడో దెబ్బతింటుంది. అందుకని ప్రతిసారీ పూర్తి మత్తు ఇవ్వాలి. ముందు రాత్రి నుంచి మేత మాన్పించాలి. ఇరవైసార్లు కిరణం అంటే ఇరవైసార్లు మత్తు అన్నమాట. పశువుల కిరణ వైద్యం ఖరీదు కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ముక్కు లోపలి కణితులు, మెదడు కణితులు, నోటి కణితులు, కోసినా వేరు మిగిలిపోయిన కండ కణితులు, ఇలా కత్తికి అందని చోట కిరణం పనికొస్తుంది. చర్మం కమిలిపోవడం, నోట్లో పుళ్ళు, వెంట్రుకలు రాలి మళ్ళీ తెల్లగా మొలవడం లాంటి ఇబ్బందులుంటాయి. చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. యంత్రం కింద కిరణం తీసుకున్న కుక్కను ముట్టుకుంటే మనకేమైనా అవుతుందా అని అడుగుతారు. ఏమీ కాదు. యంత్రం ఆపగానే కిరణం ఆగిపోతుంది, ఒంట్లో మిగలదు. కంఠగ్రంథి జబ్బుకు రేడియో అయోడిన్ సూది వేసిన పిల్లుల సంగతి మాత్రం వేరు. వాటిని కొన్ని రోజులు విడిగా ఉంచాలి.

ఆ డాక్టరు రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చిన కుక్కలకు వరుసగా మత్తు, కిరణం. మధ్యాహ్నం కొత్త కేసులు. ముందు స్కానింగ్ తీయిస్తారు. కంప్యూటర్ మీద కణితి ఎంతవరకు ఉందో గీత గీస్తారు. పక్కనే ఉన్న కన్ను, వెన్నుపాము, గుండె ఎక్కడున్నాయో గుర్తిస్తారు. ఏ దిక్కు నుంచి ఎంత మోతాదు వదిలితే కణితి మాడి, పక్కవి మిగులుతాయో ఒక పథకం వేస్తారు. పొలంలో కలుపు మందు కొట్టేటప్పుడు పైరు మీద పడకుండా గాలివాటు చూసుకున్నట్టే, ఇక్కడా గురే ముఖ్యం.

ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. పథకం వేసే పశువైద్య నిపుణుడు, మోతాదు లెక్క సరిచూసే భౌతికశాస్త్ర నిపుణుడు, యంత్రం నడిపే టెక్నీషియన్, మత్తు చూసుకునే డాక్టరు, పుండు కట్టే నర్సు, ఇంతమంది కలిస్తేనే ఒక కుక్కకు వైద్యం.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంకొకటుంది. 'బతుకుతుందా డాక్టరు గారూ' అని అడిగే యజమానికి నిజం చెప్పాలి. 'ఇంత ఖర్చు పెట్టినా ఏడాదికి మించి ఆశ లేదు' అని చెప్పాల్సి రావచ్చు. 'ఇక బాధపెట్టొద్దు' అని చెప్పాల్సి రావచ్చు. నోట మాట మెత్తగా, లెక్క మాత్రం ఖచ్చితంగా ఉండేవాళ్ళే ఈ పనిలో నిలబడతారు.

ఈ వైద్యానికి పునాది వేసినవారిలో వియన్నా పశువైద్యుడు అలోయిస్ పొమ్మర్ ముఖ్యుడు. 1930ల నుంచి కుక్కలకు, గుర్రాలకు కిరణాలిచ్చి ఏ మోతాదు ఎలా పనిచేస్తుందో రాసి పెట్టాడు. తర్వాత అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ జిలెట్ లాంటివారు దాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టారు. 1990ల నాటికి అక్కడ ఇదొక ప్రత్యేక వైద్య విభాగంగా గుర్తింపు పొందింది. ఈనాటికీ అమెరికాలో సైతం ఈ నిపుణులు కొద్దిమందే.

మన దగ్గర ఎందుకు వేళ్ళూనలేదు?

మనుషులకు కిరణ వైద్యం మనకు కొత్త కాదు. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. భాభాట్రాన్ అనే కోబాల్టు యంత్రాన్ని మన భాభా అణు పరిశోధన కేంద్రమే తయారుచేసింది. అయితే పశువులకు ఈ వైద్యం మన దేశంలో ఇంకా వేళ్ళూనలేదు.

కారణాలు దాచాల్సినవి కావు. యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. దాన్ని పెట్టే గదికి మందపాటి కాంక్రీటు గోడలు కావాలి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. అమెరికాలో ఒక కుక్కకు పూర్తి విడత కిరణాలు ఇప్పించాలంటే వేల డాలర్లవుతుంది. ఇంత పెట్టి బాగుచేయించుకునేది నగరాల్లో పెంపుడు కుక్కలున్నవాళ్ళే. దుక్కిటెద్దుకు ఆ లెక్క కుదరదు. పైగా ఎద్దంత పశువుకు రోజు విడిచి రోజు పూర్తి మత్తు ఇవ్వడం ప్రమాదం. కాబట్టి రేపు విశాఖలో యంత్రం పెట్టినా, మన ఎద్దును కాపాడేది కత్తీ, మందూ, తొందరగా గుర్తుపట్టే కన్నూ మాత్రమే.

మరైతే ఈ చదువు గురించి మనకెందుకు? ఎందుకంటే కిరణాల డాక్టరు దాకా వెళ్ళే నిచ్చెనకు కింది మెట్లు వేరే ఏవీ లేవు. కొమ్ము కోసే డాక్టరు, సూది వేసే డాక్టరు, ఊళ్ళోకి వచ్చే సహాయకుడు, అందరూ ఆ నిచ్చెన మీద వాళ్ళే. మన పిల్లలు ఎక్కిన ప్రతి మెట్టూ మన కొట్టానికి పనికొస్తుంది.

చదువు మెట్లు

మొదటి మెట్టు: పదో తరగతి పాసైనవారికి పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా ఉంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇవి నడుస్తాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు ఈ డిప్లొమా కూడా ఒక అర్హతగా ఉంది. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైతే ఇది మంచి మెట్టు. కువి, ఆదివాసీ ఒడియా వంటి ఇంటి భాష తెలిసిన పిల్ల సహాయకురాలిగా వస్తే, ముసలమ్మ కూడా తన మేక జబ్బు సంగతి అరమరిక లేకుండా చెబుతుంది. డిప్లొమాకు వెళ్ళాక పెద్ద డాక్టరు కావడం కష్టమవుతుంది కాబట్టి, ఏ దారో ముందే తేల్చుకోవాలి.

రెండో మెట్టు: డాక్టరు కావాలంటే ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. తర్వాత బీవీఎస్సీ, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. మన రాష్ట్రంలో తిరుపతి కళాశాల 1955లో, గన్నవరం కళాశాల 1998లో మొదలయ్యాయి. ప్రొద్దుటూరులో, గరివిడిలో కూడా ఉన్నాయి. అరకు నుంచి కొండ దిగితే దగ్గరిది విజయనగరం జిల్లా గరివిడి. గిరిజన విద్యార్థులకు రాష్ట్ర సీట్లలో 6 శాతం రిజర్వేషన్ ఉంది. దేశవ్యాప్త కోటా కింద 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో నింపుతారు. రాష్ట్ర సీట్లకు ఏ ర్యాంకు చూస్తారో ఆ ఏడు వచ్చే విశ్వవిద్యాలయం ప్రకటనలో చూసుకోవాలి. ఏ కళాశాలలో చేరినా భారత పశువైద్య మండలి గుర్తింపు ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టాలి.

మూడో మెట్టు: ఎంవీఎస్సీ రెండేళ్ళు. కిరణాల వైపు వెళ్ళదలచినవారు శస్త్రచికిత్స, రేడియాలజీ విభాగం ఎంచుకోవాలి. ఎక్స్‌రే చదవడం, కణితి కోయడం, మత్తు ఇవ్వడం ఇక్కడ చేతికి వస్తాయి. తిరుపతి, గన్నవరంతోపాటు 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల, ఉత్తరాన ఇజ్జత్‌నగర్ సంస్థ పేరున్నవి. ఈ మెట్టు ఎక్కినవారు నగరాల్లో పెంపుడు జంతువుల ఆసుపత్రుల్లో క్యాన్సర్ ఆపరేషన్లు, మందులు చూడగలరు. ఇక్కడ ఆగినా మంచి బతుకే.

నాలుగో మెట్టు: కిరణాల వైద్యంలోనే నిపుణులు కావాలంటే ఇప్పటికైతే పై దేశానికి వెళ్ళాలి. అమెరికాలో ముందు ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన రెండు మూడేళ్ళ రెసిడెన్సీ, ఆపైన నిపుణుల బోర్డు పరీక్ష. మన పట్టాతో అక్కడ నేరుగా లైసెన్సు రాదు. విదేశీ పట్టాలవారికి పెట్టే ఈసీఎఫ్‌వీజీ అనే పరీక్షల వరుస దాటాలి. రెసిడెన్సీ సీట్లు బహు కొద్ది, పోటీ ఎక్కువ. లెక్క వేస్తే ఇంటర్ అయ్యాక పదకొండు పన్నెండేళ్ళ చదువు. పద్దెనిమిదేళ్ళకు మొదలుపెట్టిన పిల్ల ముప్ఫయ్యో ఏట నిపుణురాలవుతుంది.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు

రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్లలూ ఉంటారు. వాళ్ళకు వేరే దారి ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ, డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేయవచ్చు. వీరు క్యాన్సర్ ఆసుపత్రుల్లో మోతాదు లెక్కలు చూస్తారు, సిబ్బందికి కిరణాల ప్రమాదం లేకుండా కాపాడతారు. ఇవాళ ఉద్యోగం మనుషుల ఆసుపత్రిలోనే. రేపు పశువుల ఆసుపత్రిలో యంత్రం పెడితే అక్కడా వీళ్ళు లేకుండా స్విచ్చి వేయడానికి వీల్లేదు. ఎక్స్‌రే, రేడియోథెరపీ టెక్నీషియన్ కోర్సులు ఇంకా తక్కువ కాలంలో పూర్తవుతాయి.

తల్లిదండ్రుల సందేహాలు

అంత చదువు మనవల్ల అవుతుందా? ఒక్కసారిగా పన్నెండేళ్ళు తలచుకుంటే భయమేస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి చూసుకోవాలి. డిప్లొమా దగ్గర, బీవీఎస్సీ దగ్గర, ఎంవీఎస్సీ దగ్గర, ఎక్కడ ఆగినా చేతిలో పని ఉంటుంది.

ఆడపిల్లకు పశువుల పని ఏమిటి? ఇంట్లో పాలు పితికేది, దూడను చూసేది, మేకను ఈనించేది ఎవరు? ఆడవాళ్ళే. పశువైద్య కళాశాలల్లో ఇప్పుడు ఆడపిల్లలు బాగానే చేరుతున్నారు.

ఖర్చో? ఉపకార వేతనాలు, హాస్టలు వివరాలు పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో గాని, ఊరి సచివాలయంలో గాని అడగాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు పరీక్ష ఫలితాలు వచ్చాక తిరగకుండా ముందే తీసి ఉంచుకోవాలి. 'అమెరికా పంపిస్తాం' అని డబ్బు అడిగే దళారుల మాట నమ్మి పొలం తాకట్టు పెట్టకూడదు. రెసిడెన్సీ సీటు కొనుక్కుంటే వచ్చేది కాదు.

ఈలోగా మన కొట్టంలో

నెలకొకసారి కాడి విప్పాక ఎద్దు రెండు కొమ్ముల మొదళ్ళను చేత్తో నొక్కి చూడాలి. ఒకటి వేడిగానో, మెత్తగానో, కదులుతూనో ఉంటే ఆ వారమే చూపించాలి. కొమ్ములు లోతుగా చెక్కొద్దు. కాడి తాడు కొమ్ముకు ఒరుసుకోకుండా చూసుకోవాలి.

కంట్లో పొక్కు, రెండు వారాలైనా మానని పుండు, రోజురోజుకీ పెరిగే గడ్డ, ఒక పక్క ముక్కులోంచే నెత్తురు, ఎర్రమూత్రం, కుక్క జననాంగం దగ్గర నెత్తురు బొట్లు, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయొద్దు. గడ్డ మీద వాతలు పెట్టడం, జీడి రసం పూయడం వల్ల పైన మాడిపోయి లోపల జబ్బు పెరుగుతుంది. డాక్టరుకు అసలు గడ్డ ఎంతుందో కూడా తెలియకుండా పోతుంది.

దగ్గర్లో పశువుల ఆసుపత్రి లేకపోతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు. ఫోను అందని గూడేలవాళ్ళు సంతకు వచ్చిన రోజున అక్కడి నుంచి చేయవచ్చు. ఊరి పేరు, దారి, పశువు వయసు, జబ్బు కనబడి ఎన్నాళ్ళయిందీ సరిగ్గా చెప్పాలి. పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి తోలాలో డాక్టరే రాసిస్తారు. తీసిన గడ్డలోంచి చిన్న ముక్కను పరీక్షకు పంపమని అడగాలి. అది క్యాన్సరో, మామూలు కంతో తేలితేనే తర్వాతి మందు నిర్ణయమవుతుంది.

ఈసారి వాహనం ఊళ్ళోకి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే పిల్లలను కూడా దగ్గర నిలబెట్టండి. డాక్టరు కొమ్ము ఎలా నొక్కుతున్నారో, నరం ఎలా దొరకబుచ్చుకుంటున్నారో వాళ్ళను చూడనివ్వండి. చూసి వెనక్కి జరిగిన పిల్లను బలవంతపెట్టొద్దు. 'ఇదేమిటి, అదెందుకు' అని డాక్టరును అడిగే పిల్ల ఉంటే, ఆ పిల్ల ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ఆ సాయంత్రమే ఇంట్లో మాట్లాడుకోండి.